ఒకే క్లాసు, రెండు ధరలు

మా పెద్దోడి ఇంజినీరింగుకి మొత్తం ఎంతవుతుందో వాడు చేరకముందు నేను కూడి చూడలేదు. మొదటి ఏడాది ఫీజు ఎంతో అడిగాను, సర్దగలననిపించింది, కట్టేశాను. నాలుగేళ్లు గడిచేసరికి 9 లక్షలు దాటింది. అందులో 4 లక్షలు బ్యాంకు లోను, కొంత నా పీఎఫ్, మిగతాది మా ఆవిడ బంగారం. ఆ కాలేజీ చెడ్డదని ఇవాళ కూడా అనను. మా ఆవిడ మేనల్లుడు అక్కడే, అదే బ్రాంచిలో, మా వాడి పక్కనే కూర్చుని చదివి ఏ అప్పూ లేకుండా బయటికొచ్చాడు. మేము మాత్రం ఇంకా కడుతూనే ఉన్నాం. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో చేరకముందే తెలుసుకోవలసింది, నేను తెలుసుకోలేదు. జంషెడ్‌పూర్‌లో మనవాళ్ల ఇళ్లలో ఏటా మే, జూన్ నెలలు వచ్చేసరికి ఇదే తర్జనభర్జన నడుస్తుంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు ఈ ఊరి సంగతి చెప్పాలి. మా నాన్న టెక్కలి దగ్గర పల్లె నుంచి ఇక్కడికి కంపెనీ పనికి వచ్చాడు. జంషెడ్‌పూర్‌లో కంపెనీ అంటే ఏ కంపెనీయో ఎవరూ అడగరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి అలా వచ్చిన కుటుంబాలు కద్మాలో, గోల్‌మురిలో, బర్మామైన్స్‌లో, టెల్కోలో స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామమందిరం ఉంది. పెళ్లి సంబంధాలూ, ఉద్యోగాల కబుర్లూ, పిల్లల మార్కులూ అన్నీ ఆ ఆవరణలోనే చేతులు మారతాయి. మా తరం దాకా చదువు గురించి ఇంత బెంగ లేదు. తండ్రి కంపెనీలో ఉంటే కొడుకు పేరు రిజిస్టరులో ఉండేది, వంతు రాగానే పిలుపు వచ్చేది. నాకు ఉద్యోగం అలాగే వచ్చింది. 1990లలో దాదాపు 78 వేలమంది పనిచేసిన చోట పదేళ్లు దాటేసరికి సగం మందే మిగిలారు. ముందస్తు విరమణ పథకంలో నా తోటివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం కళ్లారా చూశాను. నా ఉద్యోగం నా కొడుక్కి రాదని అప్పుడే తెలిసిపోయింది. క్వార్టరు కంపెనీది, పల్లెలో పొలం పెదనాన్న పిల్లలది. వాడికి నేను ఇవ్వగలిగింది చదువొక్కటే.

ఆ మాటే నా కళ్లు కప్పింది. చదువొక్కటే ఇవ్వగలననుకున్న తండ్రికి దాని ధర అడగడం పిసినారితనంలా తోస్తుంది. ఎంతైనా పర్వాలేదు అనడమే ప్రేమ అనుకుంటాడు. నేను అలాగే అనుకున్నాను. కూరగాయలు కొనేటప్పుడు సాక్చీ బజారు అంతా తిరిగి బేరమాడే మనిషిని, జీవితంలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు పెడుతూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

2014లో మా వాడు ఇంటర్ పాసయ్యాడు. ఊళ్లోనే, ఆదిత్యపూర్‌లో, నిట్ ఉంది. 1960లో ఆర్‌ఐటీగా మొదలై 2002లో నిట్ అయింది. దానికి వాడి ర్యాంకు చాలలేదు. జార్ఖండ్ కౌన్సెలింగ్‌లో ధన్‌బాద్ దగ్గరి బీఐటీ సింద్రీలో మెటలర్జీ సీటు వచ్చింది. 1949 నాటి సర్కారు కాలేజీ, ఫీజు తక్కువ, రాత్రికి రాత్రి ఇంటికి రాగల దూరం. వాడికి ఆ సబ్జెక్టు ఇష్టం కూడా. స్కూల్లో ఉండగా బర్మామైన్స్‌లోని జాతీయ లోహ ప్రయోగశాల చూడడానికి తీసుకెళ్లారు. 1950లో నెహ్రూ ప్రారంభించిన ప్రయోగశాల అది. అక్కడ చూసిన వాటి గురించి ఎన్నో రోజులు చెప్పాడు.

నేను వద్దన్నాను. లోహాల చదువు అంటే నాకు ఫర్నేసు ముందు నిలబడే పనే కనిపించింది. ముప్పై ఏళ్లు ఆ సెగలో పనిచేసినవాణ్ణి, నా కొడుకు ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చోవాలనుకున్నాను. మెటలర్జీ చదివినవాళ్లు ఏమేం పనులు చేస్తారో, నా సొంత ఊళ్లోనే ఆ చదువుకి ఎంత గిరాకీ ఉందో, ఎవరినీ అడగలేదు. ఇంకో కారణం కూడా ఉంది. అది పైకి చెప్పలేదు గానీ అదే అసలు బలమైనది. మా వాడు అప్పట్లో తెలుగు మాట్లాడేవాడు గానీ చదవలేకపోయేవాడు. బోర్డు మీద అక్షరాలు చూసి నన్ను అడిగేవాడు. నాలుగేళ్లు ఆంధ్రాలో ఉంటే భాష వస్తుంది, చుట్టాలు దగ్గరవుతారు, రేపు సంబంధాలు చూడటానికి కూడా బాగుంటుంది అనుకున్నాను. ఇది తప్పు కోరిక కాదు. కానీ అది నా కోరిక. దాని ఖర్చు వాడి చదువు పద్దులో రాశాను.

సరిగ్గా అప్పుడే ఆంధ్రా నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మావాడికి ఇక్కడే సీటొచ్చింది. మంచి కాలేజీ. మీవాణ్ణి కూడా ఇక్కడే వేసేయండి, ఇద్దరూ కలిసి ఉంటారు" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అతనికి అది మంచి కాలేజీయే.

ఇప్పుడు ఆ ధరల సంగతి. ఆంధ్రాలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ర్యాంకుని బట్టి నిండుతాయి, 30 శాతం మేనేజ్‌మెంట్ చేతిలో ఉంటాయి. కన్వీనర్ సీట్లలో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం ఆ ప్రాంతం లోకల్ పిల్లలకే. మిగిలిన 15 శాతానికి బయటి రాష్ట్రంలో చదివిన పిల్లలు పోటీపడాలంటే తల్లో తండ్రో ఆ రాష్ట్రంలో 10 ఏళ్లు నివసించి ఉండాలి. నేను పుట్టింది, పెరిగింది, చదివింది ఇక్కడే. మా ఆవిడ పెళ్లికి ముందు కాలం చూపిద్దామంటే కాగితాలు లేవు. ఇంటిపేరు అక్కడిది, దేవుడు అక్కడి దేవుడు, సీటు దగ్గరికొచ్చేసరికి మేం నాన్‌లోకల్.

మా బావమరిది కొడుకు కన్వీనర్ కోటాలో చేరాడు. అప్పట్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద అలాంటి పిల్లలకి సర్కారు ఏటా 35 వేలు కట్టేది. ఇల్లు దగ్గర, కాలేజీ బస్సులో వెళ్లొచ్చేవాడు. అంటే వాళ్లకి చదువు ఖర్చు బస్సు పాసూ, పుస్తకాలూ. మా వాణ్ణి కూడా అక్కడే కంప్యూటరు బ్రాంచిలో చేర్చాను, కానీ వాడిది మేనేజ్‌మెంట్ సీటు. ఫీజుకి పైన డొనేషన్, దాని పైన హాస్టలు, మెస్సు, సెలవులకి మా టాటానగర్ స్టేషను దాకా రైలు చార్జీలు. డొనేషన్ నోట్లుగా ఇచ్చాను, రసీదు ఇవ్వలేదు, నేను అడగలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ 1983లోనే చట్టం వచ్చింది. చట్టం ఒప్పని డబ్బు ఇచ్చినవాడికి తర్వాత గట్టిగా అడిగే నోరు కూడా ఉండదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఒకే పాఠం, ఒకే లెక్చరరు, ఒకే డిగ్రీ కాగితం. వాళ్లకి దాదాపు ఉచితం, మాకు 9 లక్షలు. ఉచితంగా వచ్చినప్పుడు ఆ కాలేజీ చేయగలిగినంత మేలు చాలు. 9 లక్షలకి అదే మేలు చాలదు. కాలేజీ మంచిదా కాదా అని మా రామమందిరంలో పదిమందిని అడిగాను. మా ఇంటికి పడే ధరకి అది తగునా అని ఒక్కణ్ణి కూడా అడగలేదు. మనవాళ్లు ఇచ్చే సలహాల్లో చిక్కు ఇక్కడే ఉంది. చెప్పేవాడు ఎంత మంచివాడైనా తను కట్టిన ధరని బట్టే చెబుతాడు.

మొదటి సెమిస్టరు అయ్యాక సంక్రాంతి సెలవులకి వాడు ఇంటికొచ్చాడు. రెండు సబ్జెక్టులు పోయాయి. కోడింగు తనకి ఎక్కడం లేదని, మళ్లీ పరీక్ష రాసి మెటలర్జీకే వెళ్తానని, ఒక్క ఏడాదే కదా నాన్నా అని అడిగాడు. "మరి కట్టిన డబ్బో?" అన్నాను. అంతే, వాడు ఇంకేం మాట్లాడలేదు. అప్పటికి పోయింది 3 లక్షల లోపు. అది పోతుందన్న భయంతో ఇంకో 6 లక్షలకి పైనే పోశాను. పోయిన డబ్బు వాడు మానేసినా రాదు, కొనసాగినా రాదు. ఆ రోజు నేను చూడవలసింది ముందున్న మూడేళ్లని. ఈ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది బంగారం పోవడం కాదు, ఆ ఒక్క సాయంత్రం వాడికి నేను చెప్పిన జవాబు.

చేరేముందు నాకు ఇచ్చిన రంగుల పుస్తకంలో ఒక కుర్రాడి ఫొటో, కింద అతనికొచ్చిన ప్యాకేజీ, పక్కన 95 శాతం ప్లేస్‌మెంట్ అని ఉంది. ఆ 95 ఎలా వస్తుందో మా వాడు ఫైనలియర్‌కి వచ్చాక చెప్పాడు. బ్యాక్‌లాగులున్నవాళ్లని, మార్కులు తక్కువున్నవాళ్లని ముందే అర్హుల పట్టీలోంచి తీసేస్తారు. క్లాసులో 60 మంది ఉంటే అర్హులు 20 మందే అనుకోండి. అందులో 19 మందికి ఉద్యోగమొస్తే 95 శాతమే. 60లో చూస్తే మూడోవంతు కూడా కాదు. ఒకే కుర్రాడికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కించే చోట్లు కూడా ఉన్నాయి. సగటు జీతం కూడా అంతే. తొమ్మిదిమందికి ఏడాదికి 2 లక్షల చొప్పున, ఒక్కడికి 22 లక్షలు వస్తే సగటు 4 లక్షలవుతుంది. ఆ 4 లక్షలు అందుకున్నవాడు ఆ పదిమందిలో ఒక్కడూ లేడు.

మా వాడు 2018లో బ్యాక్‌లాగులన్నీ తీర్చుకుని బయటపడ్డాడు. హైదరాబాద్‌లో నెలకి 15 వేల జీతానికి చేరాడు. చేసే పనికి ఇంజినీరింగుతో సంబంధం లేదు. లోను లెక్క ఇక్కడ విప్పి చెప్తాను, ఎందుకంటే బ్యాంకులో నాకు ఎవరూ విప్పి చెప్పలేదు. ఏటా లక్ష చొప్పున 4 లక్షలు, వడ్డీ 11 శాతం. చదువు నడిచే నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టనక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. కట్టడం మొదలుపెట్టే నాటికి 4 లక్షలు 5 లక్షల 54 వేలయింది. దాన్ని ఏడేళ్లకి పరిస్తే నెలకి దాదాపు 9,500. ఏడేళ్లలో కట్టేది మొత్తం 8 లక్షలకి దగ్గర. 15 వేల జీతంలో 9,500 వాయిదా పోతే గది అద్దెకీ తిండికీ మిగిలేది 5,500. మొదటి రెండేళ్లు సగం వాయిదా నేను కట్టాను. వాడు అడగలేదు. అడగడని తెలిసే నేను పంపేవాణ్ణి.

ఖరీదైన చదువులన్నీ దండగ అని నేను అనడం లేదు. ఈ ఊళ్లోనే ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ ఉంది, 1949 నుంచి. రెండేళ్ల చదువుకి ఫీజు 20 లక్షలు దాటుతుంది. పిల్లలు అప్పుచేసి చేరతారు, చాలామంది త్వరగానే తీర్చేస్తారు. అక్కణ్ణుంచి బయటికొచ్చేవాళ్లు ఏం సంపాదిస్తారో ముందే తెలుసు. మా పక్క క్వార్టరు కుర్రాడు డిప్లొమా చేసి అప్రెంటిస్‌గా చేరి, మా వాడు సెకండియర్‌లో ఉండగానే ఇంట్లో డబ్బులివ్వడం మొదలుపెట్టాడు. అదీ ఒక దారే. అప్పట్లో దాన్ని నేను తక్కువగా చూశాను.

ఈ ఊరికి పేరిచ్చిన జంషెడ్‌జీ టాటా 1892లో పై చదువులకి సాయం చేసే నిధి పెట్టారు. అది దానం కాదు, అప్పు. చదివి సంపాదించుకుని తిరిగి కట్టాలి, ఆ డబ్బుతో ఇంకొకరు చదవాలి. అలా అప్పిచ్చేవాళ్లు ముందు విద్యార్థిని కూర్చోబెట్టి, ఏం చదువుతావు, ఎందుకు, తర్వాత ఏం చేస్తావు అని అడుగుతారు. నా కొడుక్కి 9 లక్షలు పెట్టిన నేను ఆ ప్రశ్నలు వాణ్ణి అడగలేదు. వాడు అడగకుండానే చెప్పినప్పుడు వినలేదు.

మా అమ్మాయి వంతు 2019లో వచ్చింది. ఈసారి మా భోజనాల బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాం. నా దగ్గర ఎంతుంది, రిటైరయ్యాక ఎంతొస్తుంది, అన్నయ్య లోను ఇంకా ఎంతుంది, అన్నీ తన ముందే రాశాను. పదిహేడేళ్ల పిల్లకి ఇంటి లెక్క చెప్పడం మా ఆవిడకి నచ్చలేదు, భయపడుతుందంది. తను భయపడలేదు, ప్రశ్నలు అడిగింది. ఇంట్లో ఉండి ఇక్కడే డిగ్రీ చదివితే ఖర్చు చాలా తక్కువ. నర్సింగుకి తను ఊరు దాటాలి, ఖర్చు దానికి ఎన్నో రెట్లు. తనకి నర్సింగే కావాలి.

అందుకని కాలేజీలు చూడటానికి వెళ్లాం. ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పేవాళ్ల మాట వినేసి, ఆ తర్వాత బయట టీ కొట్టు దగ్గర మూడో ఏడాది పిల్లలతో మాట్లాడాం. చేరిన కొత్తవాళ్లకి ఇంకా ఏమీ తెలియదు, ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోయే తొందరలో ఉంటారు, మూడో ఏడాది వాళ్లే విషయం చెబుతారు. నర్సింగు కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా అని మాత్రమే అడిగి ఊరుకోలేదు. మామూలు రోజున పొద్దున్నే ఓపీకి వెళ్లి నిలబడ్డాం. ఒకచోట భవనం అద్దంలా ఉంది, పడకలున్నాయి, రోగులు లేరు. రోగులు లేని చోట నర్సింగు ఎలా నేర్చుకుంటారు? ఇంకోచోట భవనం పాతది, వార్డుల్లో కాలు పెట్టే చోటు లేదు, పై తరగతి అమ్మాయిలు పరుగులు పెడుతున్నారు. ఫీజు మొదటి దానికన్నా కొంచెం ఎక్కువే. అక్కడే చేర్చాం. లోను తీసుకున్నాం, ఈసారి వాయిదా ఎంత పడుతుందో ముందే నోటుబుక్కులో రాసుకుని. తను ఇప్పుడు ఆసుపత్రిలో పనిచేస్తోంది, వాయిదా తనే కడుతోంది.

2014లో లేనివి కొన్ని ఇప్పుడు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వపు ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు 2016 నుంచి వస్తున్నాయి. అందరూ ర్యాంకు నంబరు చూసి వదిలేస్తారు. ఆ ర్యాంకుల్లో పాల్గొనే ప్రతి కాలేజీ తన వివరాలు ఒక ఫైలుగా ఇవ్వాలి, ఆ ఫైలు ఎవరైనా చూడవచ్చు. ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత, అన్నీ అందులో ఉంటాయి. మధ్యస్థ జీతమంటే అందరినీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన ఉన్నవాడిది. రంగుల పుస్తకంలోని ఫొటో కుర్రాడి ప్యాకేజీ ఎంత పెద్దదైనా అది మారదు. లెక్చరర్లు ఎప్పుడు చేరారో తేదీలు కూడా ఉంటాయి. సగంమంది ఏడాది లోపు చేరినవాళ్లే అయితే అక్కడ ఎవరూ నిలవడం లేదని అర్థం. నాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు. మన పిల్ల చేరే బ్రాంచికి ఉందా లేదా అన్నదే మనకి కావాలి. అమెరికాలో 2015 నుంచి కాలేజీని బట్టి పిల్లల అప్పు ఎంత, తర్వాత సంపాదన ఎంత అనేది ప్రభుత్వమే అందరికీ చూపిస్తోంది. మనకి అంత లేదు, కాలేజీ ఇచ్చిన ఫైలే ఆధారం. అసలు ఆ ఫైలే ఇవ్వని కాలేజీ 9 లక్షలు అడిగితే నేనైతే ఇప్పుడు లేచి వచ్చేస్తాను.

మానేయాలనుకునే పిల్లలకి కూడా ఇప్పుడు కొంత రక్షణ ఉంది. యూజీసీ 2018లో పెట్టిన నియమాల ప్రకారం ప్రవేశాల ఆఖరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే ఫీజు దాదాపు మొత్తం తిరిగివ్వాలి, ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది, ఆఖరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెనక్కి ఇచ్చేయాలి, కాలేజీ దగ్గర పెట్టుకోకూడదు. లోనుల్లో కూడా మార్పొచ్చింది. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో ఎంపిక చేసిన కాలేజీలకి హామీ లేకుండా అప్పు ఇస్తారు. జార్ఖండ్ పిల్లలకి గురూజీ క్రెడిట్ కార్డు మీద 15 లక్షల దాకా 4 శాతం వడ్డీకే దొరుకుతుంది. ఈ రెండూ అన్ని కాలేజీలకీ ఇవ్వరు. మీరు అనుకున్న కాలేజీ ఆ పట్టీలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదో అడగండి.

మా పెద్దోడు ఇప్పుడు నిలదొక్కుకున్నాడు, ఉద్యోగం మారాడు, తెలుగు బోర్డులు చదువుతాడు. వాడి లోను 2026 దాకా ఉంది.

కద్మా నుంచి, గోల్‌మురి నుంచి, టెల్కో నుంచి ఈ ఏడాది పిల్లల్ని ఆంధ్రాకో, తెలంగాణకో పంపాలనుకునే అన్నలకీ, వదినలకీ నా మనవి ఒక్కటే. అక్కడి చుట్టం చెప్పిన ఫీజు మీ ఫీజు కాదు. మీ పిల్లవాడు లోకలా కాదా, ఏ కోటా, నాలుగేళ్లకి హాస్టలూ రైలూ కలిపి ఎంత, లోను వాయిదా నెలకి ఎంత, ఆ బ్రాంచి మధ్యస్థ జీతం ఎంత, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించి తెచ్చుకోండి. ఆ కాగితం పిల్లవాడి చేతికివ్వండి, వాడేమంటాడో పూర్తిగా వినండి. డబ్బు కట్టడం ఆ తర్వాతే.